గీత దాటాక నడవండి

పరుగు పందెం జరిగేటప్పుడు అందరూ ముగింపు గీత దగ్గర గుమిగూడతారు. రిబ్బను పట్టుకునేవాళ్ళు, గడియారం నొక్కేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు, అందరూ అక్కడే. నేను మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఒక్కసారి తప్ప, అక్కడ నిలబడలేదు. గీతకు బాగా అవతల, ఎవరూ లేని చోట నిలబడి, రెండు చేతులూ ఊపుతూ "నిలబడొద్దు! నడు! నడు!" అని అరిచేదాన్ని. తమిళనాడులోని మా రాజపాళయం బస్టాండులో ఇప్పటికీ నన్ను చూసిన తల్లులు పిల్లలకు చూపించి "అదిగో, నడు టీచర్" అంటారు. సరోజ అనే పేరు రేషను కార్డులో మాత్రమే మిగిలింది. నాకేం బాధ లేదు, పైగా గర్వంగా ఉంటుంది!

ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన పి.టి. టీచర్లు కొందరు మా ఇంటికి వచ్చారు. కొత్త ఈలలు, కొత్త బూట్లు, కళ్ళలో బోలెడంత హుషారు. "అక్కా, మీ అనుభవం ఏమన్నా చెప్పండక్కా" అని అడిగారు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కాఫీ చల్లారేలోపు చెప్పి ముగించే సంగతి కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళు ఇందులో లేవు. అవి ఎలాగూ మీ నెత్తిన పడతాయి, మీరే పడతారు. పరుగు ఎలా మొదలుపెట్టాలో అందరూ నేర్పుతారు. ఎలా ముగించాలో నేర్పేవాళ్ళు తక్కువ. ఆ నేర్పు లేకపోవడం వల్ల ఒక పిల్ల కాలేజీ చదువు ఎలా చేజారబోయిందో చెప్తాను.

గంట కొట్టాక

నేను పని చేసింది ఆడపిల్లల స్కూల్లో. పి.టి. పీరియడంటే అప్పట్లో లెక్కల టీచరుకు పాఠాలు మిగిలిపోతే లాక్కునే పీరియడు. లాక్కోని రోజున పిల్లలను పరిగెత్తించేదాన్ని. వాళ్ళు గంట మోగేదాకా పరిగెత్తి, మోగగానే అదే ఊపులో క్లాసులోకి దూరి దబ్బున కూలబడేవాళ్ళు. ఒకదానికి కళ్ళు తిరిగేవి, ఇంకొకదానికి కడుపులో తిప్పేది. ఒకరోజు లెక్కల టీచరు పట్టుచీర మీద వాంతి పడింది. ఇక చూడండి గొడవ! హెడ్మిస్ట్రెస్ తంగమ్మగారు నన్ను పిలిపించింది. మా ఊరి తెలుగావిడే. మనసు మంచిది, గొంతు మాత్రం మిల్లు సైరను.

"పిల్లలు పొద్దున ఏమీ తినకుండా వచ్చేస్తా ఉండారు. నువ్వేమో తరుముతా ఉండావు. రేపట్నించి పరుగు నిలిపేసేయి" అన్నది.

తిండి సంగతి కొంత నిజమే. కానీ ఇడ్లీలు కడుపునిండా తిని వచ్చిన పిల్లకూ కళ్ళు తిరుగుతున్నాయి మరి. నేను పరుగు మానిపించలేదు, దాని ముగింపు మార్చాను. గంటకు కాస్త ముందే వేగం తగ్గించమని, మెల్లగా ఉరికించి, ఆ తర్వాత మధ్యాహ్న భోజనం వండే షెడ్డు వెనకనుంచి చుట్టు తిప్పి, కబుర్లు చెప్పుకుంటూ నడిపించి క్లాసుకు పంపడం మొదలుపెట్టాను. వాంతులు ఆగాయి, లెక్కల టీచరు చీరలు బతికాయి. తంగమ్మగారికి మాత్రం కొత్త అనుమానం పుట్టింది. షెడ్డు వెనక ఈమె పిల్లలను ఎందుకు తిప్పుతున్నట్టు అని ఒకరోజు పట్టుకోవడానికే వచ్చింది.

"ఏమిది సరోజా, స్కూలా, తిరునాళ్ళా?"

"నడుస్తా చెప్తాను రండి టీచర్" అన్నాను. నేను నిలబడితే పిల్లలూ నిలబడిపోతారు.

ఆవిడ తిడుతూనే నా పక్కన నడిచింది. షెడ్డు దాటేసరికి తిట్లు సన్నబడ్డాయి. సైకిళ్ళ స్టాండు దగ్గరికి వచ్చేసరికి తన మోకాలి నొప్పి గురించి చెబుతోంది. క్లాసు గుమ్మం దగ్గర నిలబడి "రేపు ఏ పీరియడు?" అని అడిగింది! తర్వాత చాలా రోజులు పిల్లలకంటే ముందే ఆవిడ షెడ్డు దగ్గర తయారుగా ఉండేది.

పైవాళ్ళకు ఎదురుగా నిలబడి వాదించకండి. పక్కన నడుస్తూ చెప్పండి. ఉద్యోగంలో నాకు ఈ ఒక్క కిటుకు పనికొచ్చినంతగా ఏ ట్రైనింగూ పనికిరాలేదు.

పిక్కలు చేసే పని

ఎందుకు నడవాలని పిల్లలు అడుగుతారు. టీచర్ చెప్పింది కాబట్టి అని మాత్రం అనకండి, ఆ జవాబుకు ఏ పిల్లా నడవదు.

జోరుగా పరిగెత్తేటప్పుడు కాళ్ళకు నెత్తురు ధారగా పోతుంది. గుండె కిందికి పంపుతుంది సరే, దాన్ని మళ్ళీ పైకి ఎక్కించేదెవరు? పిక్కలూ తొడలూ. అడుగు పడ్డప్పుడల్లా కండ బిగుసుకుని నెత్తురును పైకి తోస్తుంది. చేలో బావి మోటారు చేసే పనే ఇది. పరుగు మీద ఉన్న మనిషి ఒక్కసారిగా నిలబడిపోతే మోటారు కట్టేసినట్టే. నెత్తురు కాళ్ళలో నిలిచిపోతుంది, తలకు చాలదు, కళ్ళు బైర్లు కమ్ముతాయి. మెల్లగా ఉరికి, తర్వాత నడిచి, ఊపిరి సర్దుకునేదాకా కదులుతూ ఉంటే గుండె కూడా నిదానంగా దిగి వస్తుంది. ఆ తర్వాత నీడలో కూర్చుని పిక్కలు, తొడలు మెల్లగా సాగదీసుకోవాలి. నీళ్ళు గుక్క గుక్కగా తాగాలి. ఇంత తేలికైన పని ఇంకోటి ఉందా చెప్పండి!

ఎంతసేపు నడవాలని గడియారం చూడకండి. పిల్ల తన పక్కదానితో ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతోందా లేదా అన్నదే లెక్క. మా పిల్లలకు ముందు రోజు రాత్రి సీరియల్ కథ చెప్పుకోమని చెప్పేదాన్ని. అత్తను కోడలు తిట్టిన తిట్లన్నీ మధ్యలో ఊపిరి పీల్చకుండా చెప్పగలిగితే ఇక కూర్చోవచ్చు. దీనివల్ల నాకు సీరియళ్ళన్నీ చూడకుండానే తెలిసేవి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్తాను. దీన్ని సంతలో లేహ్యం అమ్మినట్టు అమ్మకండి. ఇలా నడిస్తే మర్నాడు ఒళ్ళు నొప్పులే రావని పిల్లలకు చెప్పేవాళ్ళున్నారు. వస్తాయి. కొత్తగా పరిగెత్తినవాళ్ళకు నడిచినా వస్తాయి, నడవకపోయినా వస్తాయి. అబద్ధం చెబితే మర్నాడు కుంటుకుంటూ వచ్చిన పిల్ల మీ మాట ఇంకెప్పుడూ నమ్మదు. అలాగే అందరినీ నడిపించకూడదు. గుండెలో నొప్పి అన్న పిల్లను కదలనివ్వకుండా కూర్చోబెట్టి వెంటనే డాక్టరును పిలవండి. ఎండకు ఒళ్ళు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడే పిల్లను నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, ఆమెకూ డాక్టరును పిలవండి. కళ్ళు తిరిగి పడ్డదాన్ని లేపి నిలబెట్టకండి, పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తి పట్టుకోండి.

పక్క స్కూల్లో పాండి సార్ అని ఒక కుర్రాడు చేరాడు. ఎవరో చెబితే విని, తన కబడ్డీ జట్టుకు ఆట అయ్యాక 'కూల్‌డౌన్' పెట్టాడు. ఎలా పెట్టాడనుకున్నారు? మైదానం చుట్టూ ఫుల్ స్పీడులో పరుగు, చివర దండీలు, ఆఖరున వచ్చినవాడికి ఇంకో రౌండు! ఆ జట్టు కెప్టెను నా దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాడు. "టీచర్, మ్యాచ్‌లో పరవాలేదు, మ్యాచ్ అయినాకనే సచ్చిపోతా ఉండాము." పాండి సార్‌ను పిలిచి ఒక సాయంత్రం నాతో నడవమన్నాను. ఆ తర్వాత మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

కుర్చీ, సోడా, పొన్నాడై

పుస్తకంలో లేని కష్టం ఒకటి మా వైపు ఉంది. దాన్ని దాటడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా దగ్గర గెలిచినవాళ్ళకు శాలువా కప్పడమంటే పిచ్చి. పొన్నాడై అంటారు. బడి పిల్ల గెలిచినా, పంచాయతీ సభ్యుడు గెలిచినా, బ్యాంకు మేనేజరు బదిలీ అయినా పొన్నాడై పడాల్సిందే. బీరువా నిండా ఉన్నవే చేతులు మారుతూ తిరుగుతుంటాయి. అది తప్పని నేననను, ఆ ప్రేమ చూడముచ్చటగా ఉంటుంది. కానీ పందెంలో గెలిచిన పిల్ల గీత దాటీ దాటగానే నలుగురు ఎదురొచ్చి పట్టుకుంటారు. కుర్చీ వేసి కూర్చోబెడతారు. సోడా కొట్టి నోటికి అందిస్తారు. పెద్దమనిషి వచ్చి పొన్నాడై కప్పుతాడు. పిల్ల లేచి, తల వంచి, కదలకుండా నిలబడాలి. ఫోటో సరిగా రాలేదంటే మళ్ళీ నిలబడాలి. చేతిలో పొన్నాడైతో పెద్దమనిషిని కాచుకోమనడం ఆయనకు అవమానం. పిల్ల నడుస్తూ ఉంటే ఇంకా అవమానం. ఇప్పుడు నా 'నడు నడు' ఎవరు వింటారు?

మారీశ్వరి

మారీశ్వరిది చోళపురం. రోజూ టౌన్ బస్సులో మా స్కూలుకు వచ్చేది. అమ్మ కట్టుగుడ్డ నేసే మగ్గాల దగ్గర పని చేస్తుంది. తండ్రి గురుసామి జిన్నింగు మిల్లులో. ఈ పిల్ల పరుగు చూసిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది! బస్సు తప్పిపోతే తరువాతి స్టాపులో దాన్ని అందుకునేది. పొడుగు పందేలకు పుట్టిన కాళ్ళు అవి.

జిల్లా పోటీల్లో రోజంతా జరిగిన పందేలన్నిటిలో ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళకు వ్యక్తిగత ఛాంపియన్ కప్పు ఇస్తారు. కప్పు సంగతి అలా ఉంచండి. మదురైలో ఒక కాలేజి ఫిజికల్ డైరెక్టరమ్మ ఏటా ఆ పోటీలకు వచ్చేది. ఛాంపియన్ అయిన ఆడపిల్లకు ఆ కాలేజీలో ఫీజు లేని సీటూ హాస్టలూ దొరుకుతాయి. గురుసామి మాట కూడా స్పష్టమే. "సీటు వస్తే చదువుకోనీ. రాకపోతే ప్లస్ టూ అయినాక మిల్లు పనికి వ్యాను ఎక్కాల్సిందే టీచర్. పరిగెత్తి పరిగెత్తి ఇంట్లో ఏమి తెచ్చి పెడుతుంది?" ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఇద్దరు చిన్నపిల్లలు ఇంకా ఇంట్లో ఉన్నారు.

ప్లస్ వన్‌లో మొదటిసారి తీసుకెళ్ళాను. పొద్దున పదిహేను వందల మీటర్లు. అందరినీ వెనకేసి గెలిచింది. నేను గీత అవతల నా చోట నిలబడి చేతులు ఊపుతున్నాను. పిల్ల నా దాకా రానే లేదు! చోళపురం ఆటల సంఘం తలైవరు, అంటే నాయకుడు, రామసుబ్బు అని ఒక పత్తి వ్యాపారి ఉన్నాడు. భారీ మనిషి, భారీ మీసం, నవ్వితే మైదానమంతా వినపడుతుంది. తమ ఊరి పిల్ల గెలిచిందని ఆయన గీత దగ్గరే దాన్ని పట్టేశాడు. కుర్చీ, సోడా, పొన్నాడై. ఆయన తర్వాత సంఘం సెక్రటరీ పొన్నాడై, ఆ తర్వాత ఇంకెవరిదో. నేను జనాన్ని తోసుకుని వెళ్ళేసరికి మారి తల వంచి నిలబడి ఉంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. నా కళ్ళముందే పొన్నాడైలతో సహా ఒరిగిపోయింది.

పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకుంటే కాసేపటికి తేరుకుంది. ప్రమాదం ఏమీ లేదు. కానీ పోటీల డాక్టరు ఇక ఆ రోజు పరిగెత్తకూడదన్నాడు, ఆయన అనడం సరైనదే. మిగిలిన పందేలు పోయాయి, కప్పు పోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మారి ఏడ్చిన ఏడుపు నాకింకా వినపడుతుంది. "నేను నడుద్దామనే అనుకున్నాను టీచర్. పెద్దాయన ఎదురుగా నిలుచుంటే ఎట్ల పోయేది?"

ఆ పిల్ల తప్పేముంది? ఇంకో ఏడాదే మిగిలింది.

పత్తి మండిలో

మరుసటి ఏడు పోటీలకు ముందు నేను నేరుగా రామసుబ్బు పత్తి మండికి వెళ్ళాను. పత్తి నింపిన బోరాల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు గాని ముఖం వాడిపోయింది.

"ఈసారి నేను రానే రాను టీచర్. నేను పొన్నాడై వేస్తే పిల్ల మయక్కమై పడిపోయిందని ఊరంతా నవ్వినారు. మా ఇంటావిడ కూడా నవ్వింది."

పాపం, ఈయనా ఏడాదిగా కుమిలిపోతున్నాడని అప్పుడు తెలిసింది. నేను రావద్దని చెప్పడానికి రాలేదు. రాకపోతే ఆ స్థానంలో ఇంకొకరు వస్తారు, ఆయన మాత్రం నా మాట వింటాడని ఏముంది? అందుకని "మీరు రావాలి, అన్నా. మేళంతో రావాలి. కాని పిల్లను నిలబెట్టకండి. అది నడుస్తా ఉంటుంది, మీరూ నడుస్తా పొన్నాడై వేయండి" అన్నాను.

"నడుస్తా పొన్నాడై ఏ ఊర్లో వేస్తారు టీచర్? మరియాద కాదు. తరుముకుంటా పోయి కప్పేదానికి అదేమన్నా కోడిపిల్లా?"

 గోడ మీద చూస్తే ఒక పెద్ద ఫోటో. ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఎవరో నాయకుడు చేతులు జోడించి గబగబా నడిచిపోతున్నాడు. ఆయన వెనక చెమటలు కక్కుతూ, చేతుల్లో పొన్నాడై చాపుకుని పరిగెత్తుతున్నది మన రామసుబ్బే!

"అన్నా, ఈ తలైవరు మీ కోసం నిలబడినాడా?" అని అడిగాను.

ఆయన ఫోటో వైపు చూశాడు. "ఆయన ఎక్కడ నిలుస్తాడు టీచర్? జనం తోస్తా ఉంటే నడుస్తానే పోయినాడు. నేనే వెంటబడి వేసినాను."

"మీకు అవమానమైనట్టుందా? ఫ్రేము కట్టించి తగిలించినారే!"

 నవ్వడం మొదలుపెట్టాడు చూడండి, బోరాలు దించుతున్న కూలీలు పని ఆపి మరీ చూశారు. "ఆమా టీచర్! తలైవరంటే నడుస్తానే ఉంటారు, పొన్నాడై వేసేవాళ్ళే వెంటబడాలి. సరి, మన మారి తలైవరు!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. అక్కడితో ఆగలేదు. తప్పెట కొట్టేవాళ్ళను అప్పటికప్పుడు పిలిపించాడు. మొదట కాస్త జోరుగా, అప్పురం మెల్లిగా, ఇంకా మెల్లిగా కొట్టమన్నాడు. పిల్ల ఆ దెబ్బకు అడుగు వేస్తే దాని వేగం దానంతటదే దిగుతుంది. అంత తెలివైన ఆలోచన నాకు తట్టలేదు! మండిలోనే రిహార్సలు. రామసుబ్బు ముందు, ఆయన వెనక నేను, పత్తి బోరాల చుట్టూ తప్పెట దెబ్బకు నడిచాం. నా ఉద్యోగంలో అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నం ఇంకోటి లేదు.

ఆ రోజు

పోటీలు మా ఊరి మైదానంలోనే. పడమటి కొండల మీద మబ్బు కమ్మి ఉంది గాని వాన లేదు. డైరెక్టరమ్మ షామియానా కింద కూర్చుంది. గురుసామి మిల్లులో సెలవు పెట్టి వచ్చాడు. కంచె పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. ఆయన కూతురి పందెం చూడడం అదే మొదటిసారి.

పదిహేను వందల మీటర్లలో మారి మొదట వచ్చింది, మంసాపురం పిల్ల అముద రెండోది. అముద కూడా గట్టి పిల్ల, ఎనిమిది వందల్లో అసలు ఎదురులేనిది. మారి గీత దాటింది. ఎప్పటిలాగే జనం కమ్ముకోబోయారు. అప్పుడు వినపడింది తప్పెట! రామసుబ్బు రెండు చేతులూ చాపి జనాన్ని అడ్డగిస్తూ అరుస్తున్నాడు. "ఎవరూ పట్టుకోకండి! తలైవరు నడుస్తా ఉండారు! నడవండి, నడవండి!"

మారి మెల్లగా ఉరుకుతోంది. వెనక తప్పెట. ఆ వెనక పొన్నాడై చేతబట్టుకుని, ఆయాసపడుతూ, మీసం తడిసిపోయి రామసుబ్బు. నడుస్తూనే ఆమె భుజం మీద పొన్నాడై వేశాడు, ఒక కొస జారింది, మళ్ళీ వేశాడు. జనమంతా ఈలలు! దెబ్బ నిదానించింది, నిదానించింది, అడుగులూ నిదానించాయి. నా దగ్గరికి వచ్చేసరికి మారి ముఖంలో రంగు ఉంది, నోటి నిండా మాటలున్నాయి. "టీచర్, రామసుబ్బు మామకే రొప్పు వస్తోంది చూడండి, ఊపిరి అందలే పాపం!"

మధ్యాహ్నం ఎనిమిది వందలు. అముద గెలిచింది, మారి రెండోది. ఇద్దరికీ పాయింట్లు సమానం. ఇక మిగిలింది మూడు వేల మీటర్లు. ఎవరు గెలిస్తే వాళ్ళదే కప్పు, వాళ్ళదే మదురై సీటు. 

ఈ మధ్యలో మేము మారిని మళ్ళీ నడిపించాం, నీడలో కాళ్ళు సాగదీయించాం, అరటిపండు పెట్టాం, గుక్క గుక్కగా నీళ్ళు తాగించాం. అవతల అముదను ఆ ఊరివాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి గొడుగు పట్టారు. పిల్ల ఒళ్ళో పొన్నాడైలు కుప్పగా ఉన్నాయి. చూస్తూ ఊరుకోలేకపోయాను. వాళ్ళ సార్ దగ్గరికెళ్ళి "సార్, ఆ పిల్లను కొంచెం నడిపించండి. కాళ్ళు పట్టేస్తాయి" అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. "నాకు తెలుసు టీచర్. మా ఊరివాళ్ళు వినేట్టుగా లేరు. రొంబ మరియాద చేస్తా ఉండారు." 

మూడు వేలు మొదలైంది. అముద ముందు, మారి ఆమె నీడలాగా వెనక. రౌండ్లు గడుస్తున్నాయి, ఇద్దరి మధ్య దూరం పెరగడం లేదు, తరగడం లేదు. చివరి రౌండు గంట మోగింది. అముద ఒక్కసారిగా వేగం పెంచింది. మారి వెనకబడింది! నాకు మతి పోయింది. గీత అవతల నిలబడాల్సిన నేను, ఇన్నేళ్ళూ పందెం ముగిసేలోపు ఒక్కసారి కూడా నా చోటు వదలని నేను, కంచె పక్కనుంచి పరిగెత్తడం మొదలుపెట్టాను. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చెప్పులు ఎక్కడో వదిలేసి, "మారీ! పో మారీ!" అని అరుస్తూ. చివరి మలుపులో అముద అడుగు తడబడింది. చెయ్యి పిక్క మీదికి పోయింది. ఆగలేదు ఆ పిల్ల, ఎంత మొండిదో! కుంటుతూనే పరిగెత్తింది. మారి ఆమె పక్కకు వచ్చింది. పక్కపక్కనే వచ్చారు. గీతకు కాస్త ముందు మారి దాటేసింది!

మైకులో ఏమన్నారో నాకు వినపడలేదు. తప్పెటలు, ఈలలు, రామసుబ్బు నవ్వు. నేను గీత పక్కన కంచె పట్టుకుని నిలబడిపోయాను.   మైదానం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఎదురుగా కుర్చీ ఒకటి కనిపించింది. ఎంత హాయిగా కనిపించిందో ఆ కుర్చీ! వెళ్ళి కూర్చోబోయాను.

ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకుని లాగారు. చూస్తే మారి. ముఖమంతా చెమట, కళ్ళు మెరుస్తున్నాయి.

"టీచర్! నిలబడిపోతిరే! కూర్చోకండి, నడవండి, నడవండి!"

దాని ఇంకో చేతిలో అముద చెయ్యి ఉంది. ఆ పిల్ల కుంటుతూ, ఏడుస్తూ, ఏడుపు మధ్యలోనే నవ్వుతూ నడుస్తోంది. అవతలి పక్క వాళ్ళ సార్ భుజం ఆనించాడు. నలుగురం కదిలాం. వెనక తప్పెట. ఆ వెనక రామసుబ్బు చేతిలో ఉన్న పొన్నాడైలు ఇద్దరు పిల్లల భుజాల మీదా వేసి, మిగిలినది నా మీద పడేశాడు. సగం రౌండు తిరిగేసరికి నా కళ్ళముందు మైదానం తిన్నగా నిలబడింది.

అప్పుడు చూసుకున్నాను, నా పక్కన గురుసామి నడుస్తున్నాడు. ఎప్పుడు కంచె దాటి వచ్చాడో తెలియదు. చేతిలో నా చెప్పులున్నాయి. ఆయన మాటల మనిషి కాదు. కూతురి వైపు చూశాడు, షామియానా కింద లేచి నిలబడి చప్పట్లు కొడుతున్న డైరెక్టరమ్మ వైపు చూశాడు, మళ్ళీ నేల చూపు చూశాడు. దెబ్బ బాగా నిదానించాక నోరు విప్పాడు.

"టీచర్, మదురైకి పొద్దున్నే పోయే బస్సు ఎన్ని గంటలకు?"

అడిగి, జవాబు కోసం నిలబడిపోయాడు.

"నడవండి గురుసామీ," అన్నాను. "నడుస్తా చెప్తాను."